భూగోళం పదో తరగతితో అయిపోతుందా?

మన ఇళ్లల్లో భూగోళానికి ఆయుష్షు పదో తరగతి సోషల్ పరీక్ష దాకానే. ఆ సాయంత్రం పిల్లలు అట్లాసు అటక మీదికి విసిరేస్తారు, మనమూ మళ్లీ దించం. ఆ తర్వాత ఎంపీసీయో బైపీసీయో, ఎంసెట్టో నీటో. అమ్మాయి డాక్టరైనా, సాఫ్ట్‌వేర్ అయినా, పెళ్లి చేసుకుని డల్లాస్ వెళ్లినా, నాలాగా విడవలూరులోనే సంసారం చేసుకున్నా, కాలేజీలో ప్రపంచం గురించి ఆమెకు ఎవరూ ఒక్క గంట పాఠం చెప్పరు. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఈ సంగతి నా బుర్రలో దూరింది మా అక్క కూతురి వల్ల. అక్కావాళ్లుండేది టెక్సాస్‌లో. పిల్ల నిరుడు అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేరింది. చదవాలనుకున్నది ఇంజనీరింగే. అయినా అక్కడ మొదటి రెండేళ్లలో అందరూ కొన్ని ఉమ్మడి సబ్జెక్టులు పూర్తి చెయ్యాలట. సాంఘిక శాస్త్రాల జాబితాలోంచి అది వరల్డ్ రీజినల్ జాగ్రఫీ తీసుకుంది. మన మాటల్లో ప్రపంచ ప్రాంతీయ భూగోళం. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో దీనికి ఉమ్మడి నంబరు కూడా ఉంది, 1303. మా అక్క మాత్రం ఫోన్లో ఒకటే గొణుగుడు, "ఇంజనీరింగ్‌కి పోయే పిల్లకి ఇదెందుకే, మూడు క్రెడిట్ల డబ్బు దండగ" అని. అక్క అక్కడికి పోయి ఇరవై ఏళ్లయినా లెక్క మాత్రం నెల్లూరు లెక్కే!

ఆ పిల్ల ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఆ వారం ఏం చెప్పారో మాకు అప్పజెప్పేది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయీ నేనూ పక్కపక్కన కూర్చుని వినేవాళ్లం. మనం స్కూల్లో చదివినట్టు దేశం, రాజధాని, ముఖ్య పంటలు అని బట్టీ కాదది. ప్రపంచాన్ని పది పన్నెండు పెద్ద ప్రాంతాలుగా విడగొడతారు. ఖండాల లెక్క కాదు. ఆసియా అంతా ఒక ముక్క కాదు, మనది దక్షిణాసియా, ఇండోనేషియా మలేషియాలది ఆగ్నేయాసియా, చైనా జపాన్లది తూర్పు ఆసియా. ఆఫ్రికా సహారా ఎడారి దగ్గర రెండవుతుంది. పైనున్న ఈజిప్టు, మొరాకోలు అరబ్బు దేశాలతో జత, ఎడారికి కిందవి వేరే. మెక్సికో ఉత్తర అమెరికా ఖండంలోనే ఉన్నా, భాషనీ చరిత్రనీ బట్టి చాలా పుస్తకాలు దాన్ని దక్షిణం వైపు జట్టులో కలుపుతాయి. ఎందుకిలా కోశారు అన్నదే మొదటి పాఠం. ఆ గీత గీసింది కొండా, ఎడారా, వానా, భాషా, మతమా, లేక బల్ల ముందు కూర్చున్న ఏ దొరగారైనానా?

తర్వాత ఒక్కో ప్రాంతానికీ కొన్ని ప్రశ్నలు. నేల ఎలాంటిది, నీళ్లెక్కడివి, జనం ఎక్కడ గుమికూడారు, ఏం పండించి ఏం అమ్ముకుని బతుకుతున్నారు, చుట్టుపక్కల వాళ్లతో వాళ్లకున్న ముడి ఏమిటి. నాకైతే భలే నచ్చింది. సంబంధం చూసేటప్పుడు మన పెద్దవాళ్లు అడిగేవి కూడా దాదాపు ఇవే కదా!

ఒక ఆదివారం దక్షిణాసియా పాఠం వచ్చింది. "పిన్నీ, మీకు వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కదా" అంది. ఎవరికే, మాకా? నైరుతి గాలులు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేసి, మా వైపుకొచ్చేసరికి వట్టిపోతాయి. మాకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పుడు గాలి ఈశాన్యం నుంచి బంగాళాఖాతం మీదుగా వస్తూ తడి తెచ్చుకుంటుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే. అందుకే దేశమంతా ఖరీఫ్ ఖరీఫ్ అంటుంటే మాకు పెద్ద పంట రబీ. ఎడగారు సంగతి వేరే. మద్రాసు వైపు కూడా ఇంతే. ఈ మాట చెప్పాక ఆ పిల్ల దాన్ని క్లాసులో అడిగితే, వాళ్ల మేడమ్ నిలబెట్టి అందరికీ చెప్పించారట. ప్రాంతం అని ఒక పెద్ద గీత గీసినా లోపల ఎన్ని తేడాలుంటాయో తెలియడం కూడా ఆ చదువులో భాగమే అన్నారట. మా విడవలూరు పేరు టెక్సాస్ క్లాసులో పలికిన రోజది. ఎలా పలికారో మాత్రం అడక్కండి.

ఇంతకీ, ఇవన్నీ మనకెందుకు, అన్నం వండుకునేవాళ్లకి అంటారేమో. వండుకునేవాళ్లకే కావాలి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ఇంకొన్నాళ్లకి మన కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎగిరింది. కొట్టు ఆయన్ని నిలదీసినవాళ్లని నా కళ్లతో చూశాను, దాచిపెట్టి అమ్ముతున్నాడని. దాచేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మనకొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో చాలా భాగం ఆ రెండు దేశాలదే, ఆ నల్లసముద్రం రేవుల నుంచే. సరే, పామాయిల్‌కి మారదాం అనుకునేలోగా ఏప్రిల్ 28న ఇండోనేషియా తన పామాయిల్‌ని బయటికి పోనివ్వనని కూర్చుంది, వాళ్ల ఊళ్లో ధర మండిపోతోందని. మూడు వారాలు దాటాక గానీ వదల్లేదు. మన జిల్లాలోనే కృష్ణపట్నం రేవులో ఆ నూనె ఓడల్లోంచి దిగుతుంది, ఆ పక్కనే శుద్ధి చేసే ఫ్యాక్టరీలు. మన మూకుట్లో గారె వేగాలంటే రెండు సముద్రాల అవతల ఎవరి ఇంట్లో గొడవ లేకుండా ఉండాలో చూడండి.

నూనె సంగతి ఎలాగో సర్దుకుంటాం, నాలుగు రోజులు ఇగురు కూరలు మానేస్తాం. రొయ్యల సంగతి అలా కాదు.

మా మండలంలో వరి పండిన పొలాలు ఎన్ని చెరువులయ్యాయో ఈ వైపు వచ్చినవాళ్లకి తెలుసు. రాత్రిపూట రోడ్డున వస్తుంటే ఏరేటర్ల చప్పుడే. మా బావగారు కూడా నాలుగెకరాలు కౌలుకు తీసుకున్నారు. మా తోడికోడలు నగలు బ్యాంకులో ఉన్నాయి, ఆ చెరువుకు మేత కోసం. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు పెంచుతానన్న మాట టీవీలో రావడంతోనే, ఇంకా సుంకం పడకముందే, ఇక్కడ కొనేవాళ్లు ధర తగ్గించేశారు. ఆగస్టు 27కల్లా మన సరుకు మీద ఆ అదనపు సుంకం 50 శాతానికి పోయింది. మన రొయ్యల్ని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికానే. అదే సమయంలో ఈక్వెడార్ మీద వేసింది 15 శాతం.

మా అత్తమ్మ అన్నది మాకు ఇంట్లో సామెత అయిపోయింది. "ఆ ఈకువడారు యాడుండాదో నాకు తెలవదు, దాని మొహం నేను చూళ్లేదు, అది మన రొయ్యకు అడ్డమొచ్చేదేందమ్మే?"

సరైన ప్రశ్న! కాలేజీలో రెండు గంటల పాఠానికి ఇదొక్కటే చాలు. ఈక్వెడార్ దక్షిణ అమెరికాలో పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. భూమధ్యరేఖ దాని మీదుగా పోతుంది, పేరుకు అర్థమే అది. మనం పెంచుతున్న వనామి రొయ్య పుట్టిల్లు ఆ తీరమే. మెక్సికో నుంచి పెరూ దాకా ఆ పసిఫిక్ నీళ్లల్లో సహజంగా పెరిగే జాతి అది. వాళ్లు 1960ల చివరి నుంచే చెరువులు వేశారు. ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే చోటు, పెద్ద పెద్ద చెరువుల్లో పల్చగా పిల్ల వేసి పెంచుతారు. అమెరికా వాళ్లకి దగ్గర. ఇప్పుడు ప్రపంచంలో రొయ్యల్ని అందరికంటే ఎక్కువ బయటికి అమ్మేది ఆ చిన్న దేశమే. మనం ముందు టైగర్ రొయ్య వేశాం, 1990లలో తెల్లమచ్చల తెగులుతో దెబ్బతిన్నాం, 2009లో వనామికి అనుమతి వచ్చాక దానికి మారాం. ఇప్పటికీ హేచరీలకి కావలసిన తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వస్తాయి, చెన్నైలో విడిగా ఉంచి జబ్బు లేదని తేలాకే మన వైపుకొస్తాయి. అంటే పిల్ల అక్కడి నుంచి తెచ్చుకుని, పెంచి, మళ్లీ అక్కడికే అమ్ముతున్నాం. మధ్యలో ఇంకొకరి పెరట్లోనే ఆ రొయ్య పుట్టింది.

ఇది తెలిస్తే సుంకం తగ్గుతుందా? తగ్గదు. మా తోడికోడలు నగలు ఇంటికి వచ్చేస్తాయా? రావు. కానీ చెరువు కౌలు మాట్లాడేటప్పుడు మేత ధర, కరెంటు, కౌంటు ఇవి నాలుగుసార్లు లెక్క వేశారు. మన సరుకు కొనేది ఎంతమంది, ఇదే సరుకు ఇంకెవరు అమ్ముతారు, వాళ్లు మనకంటే ఎంత దగ్గర, ఇవి ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. అడగడానికి ఆ ప్రశ్న ఒకటుందని తెలియాలి కదా. నగలు తాకట్టుకు ఇచ్చేది ఆడవాళ్లం. సంతకం పెట్టేముందు ఆ మూడు ప్రశ్నలు మనకి రావాలి.

అక్కడికి ఇదేదో మనమే నష్టపోయిన కథ అనుకోకండి. దక్షిణ అమెరికా పాఠం వారంలో మా అక్క కూతురు అర్ధరాత్రి ఫోన్ చేసింది, ఏమైందో అని హడలిపోయాం. "పిన్నీ, బ్రెజిల్ ఆవుల పేరు నెలోర్!" అని కేకలు. నిజమే. మన ఒంగోలు గిత్తలు. 1868లో రెండు పశువులు బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులో దిగాయని చెప్తారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే, అందుకని ఆ జాతికి అక్కడ జిల్లా పేరు పడింది. వాళ్ల పలుకుబడిలో ఒక లకారం ఎగిరిపోయింది. ఇవాళ బ్రెజిల్ పశువుల్లో ఎక్కువ భాగం ఆ మూపురం జాతివే, లేదా దానితో కలిసి పుట్టినవే. టెక్సాస్‌లో బ్రాహ్మన్ అని పిలిచే ఆవుల్లో కూడా ఈ రక్తం ఉంది. ఎండకు ఆగుతాయి, పురుగూ పుట్రా తట్టుకుంటాయి, దొరికింది మేస్తాయి. మరి ఆ మేత కోసమే అమెజాన్ అడవిని కొట్టి బీళ్లు చేస్తున్నారని కూడా అదే పాఠంలో ఉంది. గర్వపడాలో దిగులుపడాలో నాకు తెలియలేదు. మా అమ్మాయి మాత్రం రెండూ పడొచ్చులే అంది.

మా వీధి చివర ఒకామె ఉంది. కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. మన నెల్లూరు, కడప వైపు నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె వెళ్లేటప్పుడు ఏజెంటు చెప్పింది ఎడారి దేశం అనే. ఎడారంటే వేడి అని నాలుగు నూలు చీరలు, రెండు నైటీలు పెట్టుకుని వెళ్లింది. దిగింది జనవరిలో. "రాత్రి వొణుకుతా కూర్చున్నా, ఎవరికి చెప్పుకునేది, బాస రాదు" అని ఇప్పటికీ చెప్తుంది. ఎడారిలో మబ్బుండదు, చెట్టుండదు, గాలిలో తడుండదు. పగలు తిన్న వేడిని నేల రాత్రికి పైకి వదిలేస్తుంది, పట్టి ఉంచే దుప్పటి ఉండదు. ఆ పైన చలికాలం. ఇది ఒక పేజీ పాఠం. ఆ పేజీ ఆమెకు ఎవరూ చెప్పలేదు, స్వెటరు ఒక్కటి పెట్టుకోమ్మా అన్నవాళ్లు లేరు. అక్కడ పదకొండేళ్లు బతికింది కాబట్టి ఇప్పుడు ఆమెకి గల్ఫ్ గురించి తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కి తెలుసు? నీళ్లు సముద్రంలోంచి ఉప్పు తీసి తాగుతారని, ఊరిలో సగం కంటే ఎక్కువ బయటి దేశాల వాళ్లేనని, ఫిలిప్పీన్స్ అమ్మాయికీ శ్రీలంక అమ్మాయికీ తనకూ ఇచ్చే జీతాల్లో తేడా ఏమిటో, ఆ తేడా ఎందుకో, అంతా చెప్తుంది. జనం ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు కదులుతారు అన్న అధ్యాయం మొత్తం ఆమె నోట్లోనే ఉంది. మన కాలేజీల్లో ఇలాంటి పాఠమే ఉంటే, ఆమెను ఒక రోజు పిలిచి కుర్చీ వేసి మాట్లాడించొచ్చు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడున్న మనవాళ్లు బస్రా, బాగ్దాద్‌ల మీదుగా రోడ్డున జోర్డాన్‌కి చేరి, అమ్మాన్ నుంచి విమానం ఎక్కారు. అలా లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. ఇక్కడ ఇళ్లల్లో వాళ్ల అమ్మలు రేడియో ముందు కూర్చుని బాగ్దాద్ అంటే ఏ దిక్కో తెలియక ఏడ్చారు. 2022లో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు పోలెండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులకి నడిచినప్పుడు కూడా ఇంచుమించు అంతే. ఫోన్ చేతిలో ఉంది, లొకేషన్ చుక్క కనబడుతోంది, అయితే ఆ చుక్క పడమరకు జరిగితే మంచిదా తూర్పుకు జరిగితే మంచిదా తెలియదు. గూగుల్ మ్యాప్ ఉండగా జాగ్రఫీ ఎందుకు అనేవాళ్లకి నా జవాబు ఇదే. మ్యాప్ దారి చెప్తుంది. ఆ దారిన పోవచ్చా లేదా అన్నది అది చెప్పదు.

ఇంకా దగ్గరి సంగతి, మా సముద్రం. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలింది. మాకు రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రెండున్నర గంటల్లో నీళ్లు మన తీరానికి వచ్చాయి. మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. రెండున్నర గంటలంటే ఎంతసేపు! ఉతికి ఆరేసి, వంట చేసి, పిల్లలకి తలంటి పోసేంత సేపు. అంతసేపూ ఒక్కరికీ కబురు లేదు. అదే ఉదయం థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దగ్గర మైఖావో బీచ్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లీషు పిల్ల ఉంది. సముద్రం తీరు మారి నీళ్లు నురగలు కక్కుతుంటే, రెండు వారాల క్రితం స్కూల్లో జాగ్రఫీ మాస్టారు చెప్పిన పాఠం గుర్తొచ్చి, సునామీ వస్తోందని అమ్మానాన్నల్ని పట్టి లాగింది. దాదాపు వందమంది ఒడ్డు వదిలి బతికారు. ఆ అమ్మాయి తెలివిని పొగిడేవాళ్లు చాలామంది. నేను ఆ మాస్టారు ఆ పాఠం ఎగ్గొట్టనందుకు దండం పెడతాను. పరీక్షలో రాదులే అని వదిలేసి ఉంటే? ఇప్పుడు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ వాళ్ల సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది, 2007 నుంచి పనిచేస్తోంది. రామతీర్థం బీచ్‌కి వచ్చి సెల్ఫీలు దిగే కాలేజీ పిల్లలు ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

పెన్నా గురించి కూడా ఒక్క మాట. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమల్లో ఎండిపోతూ తడుస్తూ 597 కిలోమీటర్లు నడిచి మా మండలంలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2021 నవంబర్‌లో కడప జిల్లాలో కుండపోత కురిసి చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వరదే కిందికొచ్చి పెన్నాలో కలిసి పడుగుపాడు దగ్గర రైలు కట్టను కూడా కొట్టుకుపోయింది. మన ఆకాశం వైపు చూసి వాన తగ్గిందిలే అనుకుంటే కుదరదు, రాజంపేట ఆకాశం కూడా చూడాలి. ప్రాంతం అంటే అదే.

ఆ అమెరికా చదువు గొప్పదని, మనది చెత్తదని నేననడం లేదు. దానిలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఒక్క సెమిస్టరులో ప్రపంచమంతా చుట్టేస్తారు, మన దక్షిణాసియా మొత్తానికి వారం, మహా అయితే వారంన్నర. ఇన్ని కోట్లమందిని, ఇన్ని భాషల్ని వారంలో ఏం చెప్తారు? జనాభా, పేదరికం, కులం, బాలీవుడ్. తెలుగు అనే మాట ఆ పిల్ల పుస్తకంలో భాషల పటంలో రంగు కింద ఒకసారి కనబడిందట, అంతే. మన ప్రాంతం ఫోటో అంటే తల మీద బిందె పెట్టుకున్న ఆడమనిషి తప్పనిసరి. వాళ్ల ప్రాంతం ఫోటో అంటే అద్దాల మేడలు. టెక్సాస్‌లో తాగునీటికి ఇబ్బంది పడే పల్లెలూ, మన దగ్గర అద్దాల మేడలూ ఉన్నాయి. ఇంకోటి, దేశాల్ని అభివృద్ధి చెందినవి, చెందుతున్నవి అని రెండు గంపల్లో వేసే అలవాటు. ఏళ్ల తరబడి చెందుతూనే ఉన్నాం పాపం. అందుకే ఆ పాఠం మన కాలేజీల్లో మనవాళ్లు మన కిటికీలోంచి చెప్పాలి. విడవలూరులో నిలబడి చూస్తే ఈక్వెడార్ ఎలా కనబడుతుందో టెక్సాస్ పుస్తకం చెప్పలేదు.

నేను కోరేది పెద్ద కోరికేం కాదు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఇంగ్లీషు, తెలుగు ఎలా ఉమ్మడిగా చదువుతారో, అలాగే బీకామ్ అయినా కంప్యూటర్స్ అయినా ఇంజనీరింగ్ అయినా ఒక్క సెమిస్టరు ప్రపంచ భూగోళం ఉండాలి. బట్టీ పెట్టి రాసే పేపరుగా కాదు. ఒక్కో విద్యార్థి తన ఇంట్లో ఉన్న ఒక వస్తువు, నూనె ప్యాకెట్టో, జీడిపప్పో, ఫోనో, సవుకు కట్టెో పట్టుకుని అది ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో రాయాలి. జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చింది, మిరపకాయ మెక్సికో వైపు నుంచి వచ్చింది. మిరప రాకముందు నెల్లూరు చేపల పులుసు ఏమిటో ఊహించుకోండి. నాకైతే ఊహ రాలేదు.

ఇప్పుడు మా ఇంటి గొడవకు వస్తాను. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం. జాగ్రఫీ ఉన్న డిగ్రీ చదువుతానంటోంది. పై చదువుకి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జాగ్రఫీ శాఖ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, అవన్నీ రాసి పెట్టుకుంది. మా ఆయన "జాగ్రఫీ చదివి ఏం చేస్తావమ్మా, బస్సు కండక్టరా?" అన్నారు. హాస్యానికే అన్నారు, అయినా పిల్ల మొహం మాడ్చుకుంది. నేను శ్రీహరికోట సంగతి ఎత్తాను. రాకెట్లు అక్కడి నుంచే ఎందుకు వదులుతారు? భూమధ్యరేఖకి కాస్త దగ్గర, తూర్పున అంతా సముద్రం, భూమి తిరిగేదీ తూర్పుకే కాబట్టి ఆ ఊపు కలిసొస్తుంది, తునక రాలినా ఊళ్ల మీద పడదు. ఆ చోటు ఎంచుకోవడంలో సగం భూగోళమే. పైన తిరిగే ఉపగ్రహాలు పంపే బొమ్మలు చూసి ఏ పొలంలో ఏ పంటుంది, ఏ చెరువు ఎండింది అని చెప్పే ఉద్యోగాలు ఇవాళ ఉన్నాయి. గ్రూప్స్ పరీక్షల్లోనూ జాగ్రఫీ ఉంది. ఇవన్నీ విని ఆయన "సరే, బీటెక్ సీటు కూడా చూద్దాం, రెండూ చూద్దాం" అన్నారు. మన మగవాళ్ల భాషలో అది సగం ఒప్పుకున్నట్టే అని మీకు తెలుసు.

మిగతా సగానికి అడ్డం ఏమిటంటే కాలేజీ. మా చుట్టుపక్కల రెండు కాలేజీల్లో అడిగితే "జాగ్రఫీకి ఎవరూ చేరరండీ, అందుకని పెట్టలేదు" అన్నారు. పెట్టకపోతే చేరేదెలా, చేరకపోతే పెట్టేదెలా! ఒకాయన మరీ, ఆడపిల్లకి కంప్యూటర్స్ అయితే సంబంధాలు తేలిగ్గా వస్తాయని సలహా ఇచ్చారు, నేను అడగకుండానే. రోజూ వెళ్లొచ్చే దూరంలో దొరకదని తేలిపోయింది. ఇక హాస్టల్లో పెట్టాలి. అత్తమ్మ ఒప్పుకుంది. నిజానికి ముందు ఒప్పుకున్నది ఆవిడే. "చదవనీ, మన రొయ్యకు అడ్డమొచ్చే వాళ్లెవరో ముందుగానే చెబుతాది" అని.

ఫలితాలు వచ్చేలోగా మాకు రెండు మూడు పేర్లు చేతిలో ఉండాలి. మీ వైపు డిగ్రీలో జాగ్రఫీ నిజంగా నడుస్తున్న కాలేజీ, పేపరు మీద ఉన్నది కాదు, మాస్టారు వచ్చి పాఠం చెప్పే కాలేజీ, ఆడపిల్లలకి మంచి హాస్టల్ ఉన్నది తెలిస్తే చెప్పండి. బైపీసీ పిల్లల్ని తీసుకుంటారో లేదో కూడా. ఫీజెంతో తప్పకుండా రాయండి, మా ఆయన మొదట అడిగేది అదే.